వడ్డీ లేదంటే ఉచితమన్న గాడిదను నేనే

మా అడవి చాలా పెద్దది. అంత పెద్ద అడవికీ అవగాహన అధికారి ఒక్కడే. ఆ ఉద్యోగం చేసేది నేను, గాడిదను. ప్రజలకు తెలియని సంగతులు వివరించడం నా పని. అవి నాకు తెలిసి ఉండాలని నియామకపత్రంలో ఎక్కడా రాయలేదు. గొంతు పెద్దదై ఉండాలని మాత్రం రాశారు.

ఆ ఏడాది దస్తగిరి తాత అనే ముసలి తాబేలు మా ఆఫీసుకు నూరడుగుల దూరంలో కొట్టు తెరిచాడు. ‘ఇస్లామీ పద్ధతిలో వడ్డీ లేని వాయిదాలు’ అని బోర్డు పెట్టాడు. కుట్టుమిషన్లు, గ్రైండర్లు, సైకిళ్లు ఇస్తాడట. అడవంతా ఒకటే చర్చ. సింహంగారు నన్ను పిలిపించి, “అదేమిటో జనానికి చెప్పండి” అన్నారు.

వెళ్లి తాతను అడిగితే సరిపోయేది. కానీ అధికారి వెళ్లి అడిగితే, అధికారికి తెలియదని నలుగురికీ తెలిసిపోతుంది. అందుకని కుర్చీలోనే కూర్చుని ఆలోచించాను. వడ్డీ లేదంటే లాభం లేదు. లాభం లేదంటే ఊరికే ఇస్తున్నట్టు. ఇంత తొందరగా అర్థమైనందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

మర్నాడు సభ పెట్టి అదే చెప్పాను. కుందేలు లేచి, “తీసుకోవాలంటే వాళ్ల మతంలో కలవాలా?” అని అడిగింది.

“విచారిస్తాం” అన్నాను. విచారించలేదు.

వెనక వరసలో పిచ్చుక సుభద్రమ్మ కూర్చుని ఉంది. మగడు పోయాక చేతికుట్టు మీదే ముగ్గురు పిల్లల్ని సాకుతోంది. “మిషను కూడా ఇస్తారా, ఆఫీసరుగారూ?” అంది.

“ఎందుకివ్వరమ్మా? ఊరికే ఇస్తారు.”

తెల్లారేసరికి తాత కొట్టు ముందు అడవి సగం నిలబడింది. తాత ఒక్కొక్కరికీ ఓపిగ్గా చెప్పాడు. “మిషను నేను ఎనిమిది వేలకు కొంటాను. నీకు తొమ్మిది వేల రెండొందలకు అమ్ముతాను. పది నెలల్లో కట్టుకో.”

జనం తిన్నగా నా మీదికొచ్చారు. పొరపాటు పడ్డానని చెప్పొచ్చు. కానీ ఆ మాట అనే అలవాటు నాకు లేదు. రెండో సభ పెట్టాను.

“పన్నెండొందలు ఎక్కువ తీసుకుంటున్నాడంటే అది వడ్డీ కాక ఏమిటి? పేరు మార్చి మనల్ని ముంచుతున్నాడు” అన్నాను. మొదటి సభకన్నా చప్పట్లు ఎక్కువ పడ్డాయి.

సుభద్రమ్మ అప్పటికే తాతతో బేరం ఒప్పుకుని ఉంది. నా మాట విని మానుకుంది. ముళ్లపంది పానకాలు దగ్గర నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి అప్పు తీసుకుని మిషను కొనుక్కుంది. “అక్కడ వడ్డీ అని పైకే రాసుంటుంది, దాపరికం లేదు” అని సలహా ఇచ్చింది కూడా నేనే.

వానల్లో సుభద్రమ్మ రెక్కకు దెబ్బ తగిలింది. మూడు నెలలు కుట్టలేకపోయింది. పానకాలు వడ్డీని అసలులో కలిపి, దాని మీద మళ్లీ వడ్డీ వేసి, చివరికి మిషను పట్టుకుపోయాడు. అది పోయినా ఇంకా నాలుగు వేలు బాకీ ఉందన్నాడు.

ఆవిడ పానకాలు ఇచ్చిన బాకీ కాగితం పట్టుకుని నా దగ్గరికొచ్చింది. “ఇదేమిటో కాస్త చెప్పండి, ఆఫీసరుగారూ.”

కాగితం వంక చాలాసేపు చూశాను. చదవడానికి కాదు, తల ఎత్తలేక.

“పిల్లలకేం పెడుతున్నావు?” అన్నాను.

“పక్కింటి కాకమ్మ పెడుతోంది. రోజూ అడగలేను కదండీ.”

ఆవిడ గొంతులో కోపం లేదు. నాకంతా తెలుసని ఇంకా నమ్ముతూనే ఉంది. నన్ను తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

ఆ సాయంత్రం తాత కొట్టు మెట్లెక్కాను. “తాతా, నీ పద్ధతేమిటి?” అని అడిగాను.

తాత కళ్లద్దాలు సర్దుకున్నాడు. “మా ధర్మంలో వడ్డీ కూడదు, వ్యాపారం చేసుకోవచ్చు. నేను డబ్బు అప్పివ్వను. వస్తువు కొని, నాదయ్యాక అమ్ముతాను. అమ్మేలోపు అది పాడైతే నష్టం నాదే. కొన్న ధర, నా లాభం ముందే చెబుతాను. ఆ తర్వాత ధర పెరగదు. కష్టంలో ఉన్నవాడికి గడువిస్తాను. డబ్బుండి ఎగ్గొట్టేవాడి దగ్గర జరిమానా తీసుకుంటాను, అది పేదలకు పోతుంది.”

“ఊరికే ఇవ్వవా?”

“ఊరికే ఇస్తే నేనేం తినాలి? చౌక అని కూడా అనలేదే. నాలుగు చోట్ల అడిగి రమ్మంటాను.”

“మతం మారాలా?”

“నిన్న సైకిలు తీసుకుంది గుడి పూజారి కొంగ. నువ్వు సభ పెట్టే ముందు నన్నొక్క మాట అడగలేదేం?”

“తెలియదని తెలిసిపోతుందని.”

తాత నవ్వలేదు. అందుకు నేనాయనకు రుణపడి ఉన్నాను.

సుభద్రమ్మకు తాత మిషను అమ్మాడు. హామీ సంతకం నేను పెట్టాను. పానకాలు బాకీ నా జీతంలోంచి తీర్చాను. మధ్యలో రెక్క మళ్లీ నొప్పి చేసి ఆవిడ రెండు వాయిదాలు ఆలస్యం చేసింది. కట్టాల్సింది మాత్రం తొమ్మిది వేల రెండొందలే. ఇప్పుడు ఆ ఇంట్లో పిల్లలు రెండు పూటలా తింటున్నారు.

ఆ ఉత్సాహంతో మూడో సభ పెట్టాను. ముందు రెండుసార్లూ తెలియకుండా వాగానని ఒప్పుకుని, ఈసారి ఉన్నదున్నట్టు చెప్పాను. అప్పు చేసేముందు ఎవరి కాగితమైనా చదివించుకోండన్నాను. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు.

కుందేలు లేచింది. “తాబేలు మీకెంత ముట్టజెప్పాడు?”

సభ అక్కడితో ముగిసింది. చాలామంది అటునుంచటే పానకాలు ఇంటికి అప్పుకు వెళ్లారు.

వారం తిరక్కుండా సింహంగారి దగ్గర్నుంచి ఉత్తర్వు వచ్చింది. ఒకే విషయం మీద మూడు సభలు జరిపినందుకు నన్ను ముఖ్య అవగాహన అధికారిని చేశారు.

ఇందులో నీతి: ఏ సంగతైనా తెలుసుకోకముందే చెప్పెయ్యాలి, తెలుసుకుని చెబితే జనానికి అనుమానం వస్తుంది.