నాలుగడుగుల కంచె, ఇసుక రంగు

నాగరికత అంటే ఏమిటని ఎవరైనా అడిగితే క్వెయిల్ రిడ్జ్ ఇళ్ళ యజమానుల సంఘం దగ్గర జవాబు సిద్ధంగా ఉంది: కంచెలన్నీ ఒకే తీరున ఉండడం. ఎత్తు నాలుగడుగులు దాటకూడదు. రంగు విషయంలో మాత్రం పూర్తి స్వేచ్ఛ. ఇసుక, ఎడారి ఇసుక, ఎండిన ఇసుక, ఈ మూడింటిలో ఎవరికి నచ్చింది వాళ్ళు వేసుకోవచ్చు.

అరిజోనా ఎండల్లో తిరిగే కొయోటీ, నక్కకి అన్న, తోడేలుకి తమ్ముడు, ఆరడుగులు అవలీలగా దూకుతుంది. (దానికి సంఘం నియమావళి ఇంకా అందలేదు.)

ఈ తేడా వెర్నా హాస్కెట్‌కి కునుకు పట్టనిచ్చేది కాదు. ఆవిడకి మిగిలింది వాఫుల్స్ ఒక్కటే. కొబ్బరికాయంత కుక్క, గుర్రాన్నని దాని నమ్మకం. భర్త ఆర్విల్ "కాఫీ చల్లారనీకు, ఇప్పుడే వస్తా" అంటూ అంబులెన్సు ఎక్కాడు. రాలేదు. ఈమధ్య పక్కింటి డలోరిస్ పిల్లి పెరట్లో కునుకు తీస్తూ తీస్తూ మాయమైంది. మెడలోని గంట మాత్రం దొరికింది. ఆరుబయట చెత్త వదిలినందుకు సంఘం డలోరిస్‌కి తాఖీదిచ్చింది. అప్పట్నుంచీ వెర్నా ఉత్తరాలిచ్చే మనిషిని కూడా "మళ్ళీ వస్తారుగా?" అని అడిగి గానీ పంపడం లేదు.

కంచె మీద ఒక గొట్టం బిగిస్తే, కొయోటీ పంజా వేయగానే అది గిర్రున తిరిగి దాన్ని వెనక్కి పడేస్తుందట. ఆ సంగతి తెలిసి ఆవిడ బాహ్య సౌందర్య ఉపసంఘం అధ్యక్షుడు డ్వేన్ ప్రికెట్ దగ్గరికి వెళ్ళింది.

"గొట్టం తిరుగుతుందాండీ?" అడిగాడు డ్వేన్.

"తిరక్కపోతే దేనికి నాయనా?"

"తిరిగేవన్నీ గాలిమరల కిందికొస్తాయి. గాలిమరలు నిషేధం. తిరగని గొట్టమైతే ఇప్పుడే సంతకం పెట్టేస్తా."

"తిరగని గొట్టమైతే అది దానిమీద కూచుని వీధంతా చూస్తుంది!"

"చూడనీండి. మన వీధి చూడదగ్గదేగా."

"పోనీ, డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపనా? ఆ చప్పుడికి దడుచుకుంటుందట."

"భేషుగ్గా ఊపండి. వారం ముందు ఇరుగుపొరుగుకి చెప్పి ఊపాలి, అంతే."

"కొయోటీ నాకు వారం ముందు చెప్పొస్తుందా ఏమిటి?"

"అది దాని సంస్కారం" అన్నాడు డ్వేన్, నొచ్చుకుంటూ.

ఆ నెల సంఘమిచ్చే 'అందాల ముంగిలి' బహుమతి పలక మూలమీది ఖాళీ ఇంటికి దక్కింది. చెత్తడబ్బా బయట పెట్టరు, పాటలు పెట్టరు, గడ్డి తొక్కరు. ఆదర్శ కుటుంబం.

"ఆ ఇంటి అరుగు కింద కొయోటీ పిల్లల్ని పెట్టిందయ్యా!" అని సమావేశంలో వెర్నా లేచి అరిచింది.

"వాళ్ళ మీద ఒక్క ఫిర్యాదూ రాలేదండీ" అన్నాడు డ్వేన్. (చప్పట్లు.)

ఇక ఎవరినీ అడగదలచుకోలేదు వెర్నా. సాయంత్రం వాఫుల్స్ పెరట్లోకి దిగే వేళకి గులాబీ రంగు గౌనులో, చీపురు పట్టుకుని కంచె దగ్గర తనే నిలబడేది. ఒకరోజు కొయోటీ రానే వచ్చింది. ఆవిడ గౌను రెండు పక్కలకీ చాపి, "ఇది మాత్రం నాది, పో!" అంది. అది కాసేపు చూసి వెళ్ళిపోయింది. ఆవిడ కాళ్ళ వెనకనుంచి వాఫుల్స్, ఆ ఘనత తనదే అన్నట్టు మొరిగింది.

నాలుగో రోజున తాఖీదు వచ్చింది. 'మీ కంచె వెంబడి నిర్ణీత ఎత్తుకు మించిన, ఆమోదం లేని గులాబీ రంగు నిర్మాణమొకటి సాయంత్రాలు కనబడుచున్నది. సరిచేయగలరు.'

వెర్నా పరుగున వెళ్ళింది. "నాయనా, అది నేను!"

"తెలుసండీ. అందుకే మర్యాదగా రాశాం."

మర్నాడే ఆవిడ ఎండిన ఇసుక రంగు గౌను కొనుక్కుని, గుడ్డముక్క జతచేసి అర్జీ పెట్టుకుంది. సంఘం ఈసారి ఆలస్యం చేయలేదు. 'రంగు ఆమోదించడమైనది. ఎత్తు విషయమై, కూర్చోవలసిందిగా మనవి.'

ఆ సాయంత్రం వెర్నా ముక్కాలిపీట తెచ్చుకుని, వాఫుల్స్‌ని ఒళ్ళో రెండు చేతులా అదిమి పట్టుకుని కూర్చుంది. కాసేపటికి కంచె అవతల ఇంకొకరు కూడా వచ్చి, తోక చుట్టుకుని, పలకల సందుల్లోంచి చూస్తూ కూర్చున్నారు.

(ఆ వచ్చినవారి రంగు మొదటినుంచీ ఆమోదితమే.)