కుప్పమంతా వైరలే

"ఈ నెలాఖరుకల్లా రాష్ట్రంలో ప్రతి ఆరోగ్య కేంద్రమూ వైరల్ కావాలి" అని మంత్రి చంద్రమౌళిగారు టీవీలో బల్ల గుద్ది చెప్పారు. అన్న మాట తప్పే మనిషి కాదాయన.

చిట్టమూరు మండలంలో సరస్సు ఒడ్డున జాలర్లుండే కుప్పంలోని పిచ్చమ్మకు అందులో తెలిసిన మాట ఒకటే, వైరల్. ఆమె మొగుడు మునెయ్య జ్వరంతో మూలుగుతుంటే మందుల షాపతను అన్న మాటా అదే. మా ఆయన జబ్బు మంత్రిగారి దాకా పోయిందే అని పొంగిపోయి, మనిషిని లేవదీసుకుని ఆరోగ్య కేంద్రానికి వెళ్లింది.

అక్కడ డాక్టర్ సుశీల్ కుమార్‌గారు పౌడరు రాసుకుని, చేతులు కడుక్కోవడమెలాగో వీడియో తీస్తున్నారు. కుళాయిలో నీళ్లు లేకున్నా కడిగినట్టే కనబడటం సామాన్యుల వల్ల అయ్యే పనా!

"షేర్ చేసినారామ్మా?" అన్నారాయన.

"షేర్ ఆటోలోనే వచ్చినాం సార్. ఈయన్ని ఒకసారి చూడండి."

చూశారు, ధర్మాత్ముడు. సెలైన్ పెట్టమని చెప్పి చొక్కా మార్చుకోను వెళ్లారు. సెలైన్ స్టాండుకేమో ఫోను కట్టి ఉంది. నర్సు ఎలిశబెతు సీసా తెచ్చి పిచ్చమ్మ చేతికిచ్చింది.

"పైకెత్తి పట్టుకో అక్కా. చెయ్యి దించబాక. ఇది అయిపోయేలోగా నెల్లూరు తీసకపోవాల, లేకుంటే మనిషి దక్కడు."

"అంబులెన్సు?"

"ఫ్లెక్సీలు తేను పోయుండాది."

అంతలో స్టాండు మీది ఫోను మోగింది. నర్సు నొక్కితే తెర మీద సాక్షాత్తూ మంత్రిగారు.

"మీ సెంటర్ వైరల్ అయిందా తల్లీ?"

"అయింది సామీ" అంది స్టాండు పక్కనే ఉన్న పిచ్చమ్మ. "కుప్పమంతా వైరలే. పిల్లోళ్లని కూడా వదల్లా."

మంత్రిగారి కళ్లు చెమ్మగిల్లాయి. "ఎవరివల్ల ఇదంతా?"

"దోమల వల్ల సామీ."

"దోమల వాళ్లా? మంచి కుటుంబం. నన్నొకసారి కలవమను. అయినా చెయ్యెత్తి జై కొడుతున్నావే, అంత అభిమానమా?"

సీసా తెరలో పడలేదు, చెయ్యి పడింది.

"దించకూడదు సామీ" అంది పిచ్చమ్మ.

మంత్రిగారు కరిగిపోయారు. "ఏం కావాలో కోరుకో."

"నెల్లూరు పోను అంబులెన్సు సామీ."

"ఇప్పుడే పంపిస్తా."

మాట తప్పే మనిషి కాదని ముందే చెప్పాం కదా. సీసా అడుగంటక ముందే సైరన్ మోగించుకుంటూ బండి వచ్చింది. పిచ్చమ్మకు ఏడుపు ఆగలేదు. "లెయ్యి, బతికిపోయినాం" అంది మునెయ్య చెవిలో.

డ్రైవరు వెనక తలుపు తీశాడు. "రామ్మా, తొందరగా ఎక్కు. సాయంత్రం నెల్లూరు సభలో మళ్లా అట్టే చెయ్యెత్తాలంట. మంత్రిగారు నీకోసమే పంపించినారు."

"మరి మా ఆయన?"

డ్రైవరు జేబులోంచి ఫోను తీసి, పిచ్చమ్మ చెయ్యెత్తిందని మంత్రిగారు అప్పుడే పెట్టిన వీడియోను మొదట్నుంచి చివరిదాకా ఓపిగ్గా చూశాడు.

"ఆయన ఇందులో లేడు కదమ్మా" అన్నాడు.