తొంభై మిల్లీవోల్టుల శాంతి

లాప్‌టాప్ ప్రాసెసర్‌కి వోల్టేజీ ఎంత తగ్గిస్తే, ఆ ఇంటి కరెంటు మీటరు ఎవరి పేరున ఉందో ఆ మనిషికీ అంతే తగ్గించాలి కాబట్టి, గురువారం ఉదయం వార్డు ఆఫీసు నుంచి ధనకోటి గారు వచ్చి అచ్యుతరామయ్య గారిని పీట మీద కూర్చోబెట్టారు.

దరఖాస్తు పెట్టింది కూతురు ప్రణవి. ఆదివారం ఆమెకు గేమింగ్ పోటీ ఫైనల్. ఆట మొదలైన పది నిమిషాలకే లాప్‌టాప్ తొంభై ఆరు డిగ్రీలకు వేడెక్కి నెమ్మదిస్తోంది. వోల్టేజీ తగ్గిస్తే వేడి తగ్గుతుంది, వేడి తగ్గితే వేగం నిలుస్తుంది.

పదేసి మిల్లీవోల్టులు తగ్గించుకుంటూ వచ్చారు. తగ్గించినప్పుడల్లా పరీక్ష. లాప్‌టాప్‌కి అరగంట ఆట. అచ్యుతరామయ్య గారికి విష్ణు సహస్రనామం, తడబడకుండా. దానికీ అరగంటే పడుతుంది కనుక ఇబ్బంది లేకపోయింది. ముప్ఫై దగ్గర, పాల ప్యాకెట్ చిరిగి వచ్చినా ఆయన కేకలేయలేదు. వంద దగ్గర ఏడువందో నామం మీద నోరు తెరిచి అలాగే ఆగిపోయారు. భార్య సుభాషిణి భుజం తట్టి మళ్లీ మొదలుపెట్టించింది. నిబంధన ప్రకారం ఒక మెట్టు వెనక్కి వచ్చి తొంభై దగ్గర నిలిపారు.

ఈసారి పారాయణ చక్కగా పూర్తయింది. ఆయన లేచి కండువా దులుపుకున్నారు.

"నాన్నా, బాబాయి గురించి అడగలేదేం?" అంది ప్రణవి.

ఫ్యాక్టరీలో బాయిలర్ పేలి తమ్ముడు పోయినప్పటి నుంచి, పద్నాలుగేళ్లుగా, పారాయణ కాగానే ఆయన దేవుడి పటం ముందు ఒక్క మాట అడుగుతారు: వాణ్ణి ఎందుకు తీసుకెళ్లావు స్వామీ? ఈవేళ ఆ మాట రాలేదు.

"అది కావాలంటే వోల్టేజీ మొదటికి పెంచాలమ్మా," అన్నారు ధనకోటి గారు. అచ్యుతరామయ్య గారి వైపు తిరిగి, "ఇన్నేళ్లలో జవాబేమైనా వచ్చిందాండీ?"

"లేదండి."

"అయితే వెనకాల ఊరికే నడుస్తోందన్నమాట. పదకొండు డిగ్రీల వేడి దానిదే."

"పెంచేయండి," అంది ప్రణవి. "ఓడిపోతే ఓడిపోతాను."

"ఊరుకో తల్లీ. హాయిగానే ఉంది," అని అచ్యుతరామయ్య గారు సంతకం పెట్టారు.

ఆదివారం ప్రణవి గెలిచింది. లాప్‌టాప్ ఎనభై డిగ్రీలు దాటలేదు.

సోమవారం పారాయణ అయ్యాక ఆయన పటం వైపు కాసేపు చూశారు. స్వామి ఎప్పటిలాగే చల్లగా నవ్వుతున్నాడు. పద్నాలుగేళ్లు రోజూ అడిగినా ఆ ముఖం ఒక్కనాడూ వేడెక్కలేదు. ఈ స్వామికి ఎప్పుడు తగ్గించారో, ఎవరి ఆట కోసమో అని అనుకోబోయారు. ఆ ఆలోచన సగంలోనే చల్లారింది.

ఆయన కాఫీకి వెళ్లారు. కాఫీ బాగుంది.