పదిహేడు గ్రాముల తరుగు

పుస్తకం చదవకుండానే మెచ్చుకునేవాళ్ళను ఎవరైనా తప్పుపడితే నాకు ఒళ్ళు మండుతుంది. అయ్యా, అమ్మా, కాస్త నిదానంగా ఆలోచించండి. రచయితను నిజంగా బతికిస్తున్నది ఎవరు? చదివేవాళ్ళా? ముమ్మాటికీ చదవనివాళ్ళే!

ఊరికే అనడం లేదు. నేను డిటెక్టివ్ నవలలు రాస్తాను. రిటైరైన మర్నాడే మొదలుపెట్టాను. అంతకుముందు ముప్పై రెండేళ్ళు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా దుకాణాల మీద పడి తక్కెడలు తనిఖీ చేశాను. వెనకాల నన్ను 'గ్రాముగారు' అనేవారు. పళ్ళెం కింద అయస్కాంతం అంటించినవాడి మొహం చూసి పసిగట్టినవాణ్ణి, హంతకుణ్ణి ఆ మాత్రం పసిగట్టలేనా? ఆరేళ్ళలో నాలుగు నవలలు, పదకొండు హత్యలు పూర్తి చేశాను.

చదవని పాఠకుడు ఎంత మంచివాడో తెలియాలంటే మా బావమరిదిని చూడాలి. నా రెండో నవలలో విషం కలిపేవాడు అతనే. అదే బట్టతల, అదే నశ్యం రంగు చొక్కా, మాటకు ముందు అదే గొంతు సవరింపు. స్కూటరు నంబరు కూడా మార్చలేదు. పుస్తకం బయటికి రాగానే నేను వారం రోజులు అతనికి కనబడకుండా తిరిగాను. అతనేం చేశాడు? పది కాపీలు కొని ఆఫీసులో పంచాడు!

"బావా, ఆ విలన్ పాత్ర భలే పండింది" అంటూ నా చేయి పట్టుకుని ఊపేశాడు. చదివి ఉంటే అదే చేయి ఎక్కడ పడేదో!

ఇక నాలుగో నవల. అట్ట ఫోటోను మా అపార్ట్‌మెంట్ గ్రూపులో పది గంటల రెండు నిమిషాలకు పెట్టాను. పది గంటల మూడు నిమిషాలకల్లా పంతొమ్మిది బొటనవేళ్ళు లేచాయి. నూట తొంభై రెండు పేజీలు, ఒక్క నిమిషం! ఇంత చురుకైన పాఠకులు ఏ భాషలో ఉన్నారు?

ఆవిష్కరణ సభలో ముఖ్య అతిథి నలభై నిమిషాలు మాట్లాడారు. నాయిక పెళ్ళి ఘట్టం తనను ఏడిపించిందన్నారు. నా నవలలో ఉన్న ఒకే ఒక్క ఆడమనిషి మొదటి పేజీకి ముందే చనిపోయింది. ఆవిడకు డెబ్బై ఎనిమిదేళ్ళు. అయినా ఆయన ఏడిచారంటే ఎంత పెద్ద మనసో చూడండి!

అదే చదివేవాడైతే? మూడో అధ్యాయంలో ఎడమచేతి వాటం ఉన్న వాచ్‌మన్ తొమ్మిదో అధ్యాయంలో కుడిచేత్తో తాళం తీశాడేమని నిలదీస్తాడు. అలాంటివాడితో ఏ రచయితైనా వేగగలడా?

ఇంత సుఖంగా రెండు నెలలు గడిచాక, ఎవరికో పంపడానికి ఆ నాలుగో నవల కాపీ ఒకటి చేతిలోకి తీసుకున్నాను. తేలిగ్గా తగిలింది. మూడో నవలకూ దీనికీ పేజీలు సమానం, కాగితం ఒకటే. రెంటినీ వంటింటి తక్కెడ మీద పెట్టి చూస్తే పదిహేడు గ్రాముల తరుగు! వృత్తి ధర్మంగా ముందు తక్కెడను అనుమానించి, దాన్ని బోర్లా తిప్పి చూశాను. ఆ తర్వాతే పుస్తకం తెరిచాను.

నూట డెబ్బై ఆరో పేజీలో నా డిటెక్టివ్ అందరినీ హాల్లో కూర్చోబెట్టి, "హంతకుడు ఈ గదిలోనే ఉన్నాడు. అతనెవరో కాదు" అంటాడు. ఆ తర్వాత వెనక అట్ట. దాని మీద చిరునవ్వుతో నా ఫోటో!

చివరి ఫారం, అంటే ఆఖరి పదహారు పేజీలు, బైండింగులో చేరనే లేదు. అన్ని కాపీలూ అంతే. అప్పటికే మూడు వందల కాపీలు జనంలోకి వెళ్ళిపోయాయి. ఒక్కరు కూడా అడగలేదు! పైగా ముగింపు అదిరిందని ఇరవై ఆరు మంది రాశారు. ఆ ఎండింగ్ తను అస్సలు ఊహించలేదన్నాడు మా బావమరిది. ఆ మాట మాత్రం నిజమే అయి ఉంటుంది.

ప్రింటరు దగ్గరికి పరుగెత్తాను. అతను తొణకలేదు.

"రెండు నెలలైంది కదండీ, ఒక్కరైనా అడిగారా? ఒక్కళ్ళు అడిగారని చెప్పండి, వెంటనే వేసిచ్చేస్తా. ఎవరికీ అక్కర్లేంది వేసి ఏం చేసుకుంటాం సార్?"

తర్కంలో లోపం లేదు. అయినా ఆ మాట నాకు గుచ్చుకుంది. ఆ రోజు నుంచి ఫోను పక్కన పెట్టుకుని కూర్చున్నాను. లోను కావాలా అని ఫోన్ చేసిన అమ్మాయిని కూడా, నువ్వేమైనా చదువుతుంటావా తల్లీ అని అడిగాను. పెట్టేసింది.

నా అవస్థ మా ఆవిడ చూడలేకపోయింది. ఆరేళ్ళలో నేను రాసింది ఒక్క వాక్యం కూడా ఆవిడ చదవలేదు. రోజంతా మీ మాటలు వింటూనే ఉన్నాగా, మళ్ళీ చదవడం కూడానా అంటుంది.

"పోనీ ప్రింటరుకు నేను ఫోన్ చేసి అడగనా, గొంతు మార్చి?" అంది.

"చదవకుండా ఏమని అడుగుతావు?"

"మీ పుస్తకాన్ని తిట్టడానికి చదవాలా ఏంటి?"

అన్నంత పనీ చేసింది. చివరి పేజీలు లేకుండా పుస్తకం అమ్ముతారా అని ప్రింటరును ఝాడించేసింది. అతను అంతా విని, "వేసేద్దాం లేమ్మా. ఇంతకీ అందులో చచ్చిందెవరు?" అన్నాడు.

మా ఆవిడ నా వంక చూసింది. నేను నోరు విప్పేలోపే, "ఎవరో పెద్దాయన" అనేసింది.

"పెద్దావిడమ్మా" అని అతను మర్యాదగా ఫోను పెట్టేశాడు.

మా ఆవిడ ఓడిపోవడం నేనెప్పుడూ చూడలేదు. మొహం కందగడ్డ చేసుకుని, "రేపు మళ్ళీ చేస్తా. ఏం అడుగుతాడో అడగనీ" అంటూ పుస్తకం పట్టుకుని వెనక గదిలోకి వెళ్ళింది. అప్పుడు ఉదయం పది గంటలు. ఒంటిగంటకు కూడా స్టవ్ వెలగలేదు. రెండింటికి నేనే ఏదో ఉడకేసుకుని, ఆవిడ పక్కన ఒక కంచం పెట్టి వచ్చాను. తలెత్తి చూడలేదు.

అయిదింటికి బయటికి వచ్చింది. కళ్ళజోడు నెత్తి మీద, వేలు ఆఖరి పేజీలో.

"ఏవండీ, చంపిందెవరు? మధ్యలో మీ ఫోటో ఏంటి? ఆ మేనల్లుడేనా? వాడై ఉండడు, పాపం వాడి చెయ్యి విరిగి ఉందిగా. చెప్పరేం?"

ఆరేళ్ళుగా ఈ ఒక్క ప్రశ్న కోసమే రాస్తున్నానని నాకు అప్పుడే తెలిసింది.

మర్నాడు మా ఆవిడ ఫోన్ చేసి హతురాలి వయసు, చెవులకున్న దుద్దులతో సహా ఏకరువు పెట్టింది. ప్రింటరు మాట తప్పలేదు. మూడో రోజుకల్లా ఆ చివరి ఫారాల కట్ట మా ఇంటికి చేరింది. దాన్ని గుట్టుగా బీరువాలో పెట్టి తాళం వేశాను.

చదివే మనిషి ఇంట్లో ఉంటే ఇదండీ గతి! వేళకు భోజనం లేదు. పొద్దున లేవగానే చంపిందెవరంటుంది. స్నానానికి వెళ్తుంటే తలుపు దగ్గర నిలబడి, ఆ వకీలా అంటుంది. హంతకుడు మేనల్లుడే అయితే పుట్టింటికి పోతానని బెదిరిస్తోంది. నేను చెప్పే జవాబు కోసం ఆవిడ ఇంత ఆత్రంగా నా మొహంలోకి చూడటం, మా ముప్పై ఏడేళ్ళ కాపురంలో ఇదే మొదటిసారి.

ఇవాళ్టికి తొమ్మిది రోజులు. తాళంచెవి నా జేబులోనే ఉంది. ఇవ్వకపోవడం దుర్మార్గమే, ఒప్పుకుంటాను. కానీ ఆ పదహారు పేజీలూ ఇచ్చేస్తే, ఎల్లుండి నుంచి నన్ను ఎవరు అడుగుతారు చెప్పండి?