గుడ్ల బండికి బ్యాలెన్స్ రాడ్డు

గుడ్ల బండికి వెనక బ్యాలెన్స్ రాడ్డుగా బిగించడానికి కోడలు హైమవతికి కొలతలు తీయవలసిన రోజు పొద్దున, ఆ ఇంట్లో కారప్పొడి డబ్బా మూత గురించి తగువు వచ్చింది. ఎవరో మూత తీసి మళ్ళీ పెట్టలేదు. పొడి మెత్తబడింది. అది తన తమ్ముడు పూర్ణచంద్రరావు పనేనని హైమవతి భర్త శివన్నారాయణ అన్నాడు. తాను ఆ పూట ఇడ్లీలోకి పచ్చడి తప్ప ఏమీ వేసుకోలేదని పూర్ణ అన్నాడు.

"పచ్చడి జాడీ పక్కనే గదరా పొడి డబ్బా ఉండేది? నీ చెయ్యి ఊరుకుంటదా?"

"నిన్న మధ్యాహ్నం పెరుగన్నంలో చల్లుకుంది ఎవురన్నయ్యా?"

"చల్లుకున్నా. మూత పెట్టా."

"పెట్టావులే. డబ్బా పక్కన."

"నేనే మరిచిపోయి ఉంటాను లెండి" అంది హైమవతి. ఆమె ఆ డబ్బాను రెండు రోజులుగా ముట్టుకోలేదు. తగువు ఆగిపోయింది. శివన్నారాయణ గడియారం చూసి, మేస్త్రీ తొమ్మిదింటికల్లా రమ్మన్నాడని గుర్తు చేశాడు. ఆమె స్టవ్ తుడిచి, చీర మార్చుకుని వచ్చింది.

బ్యాలెన్స్ రాడ్డు అంటే లోడు బండి వెనక ఇరుసు దగ్గర అడ్డంగా ఉండే వంపు కడ్డీ. అది కుడి చక్రాన్నీ ఎడమ చక్రాన్నీ కలిపి ఉంచుతుంది. మలుపులో బండి ఒక పక్కకు ఒరిగినప్పుడు ఆ కడ్డీ మెలిపడుతుంది, మెలిపడి తిరిగి విచ్చుకుంటూ బండిని నిటారుగా నిలబెడుతుంది. అన్నదమ్ముల బండికి కంపెనీవాళ్ళు వెనకవైపు రాడ్డు ఇవ్వలేదు. పైగా వీళ్ళు గుడ్ల ట్రేలు ఎక్కువ పట్టడానికి తొట్టి మీద ఏడడుగుల చట్రం కట్టించారు. దాంతో బండి నిండుగా ఉన్నప్పుడు మలుపు తిరిగితే నిద్రలో తూగే మనిషిలా ఒరిగేది. ఇంటికి వచ్చేసరికి తరచూ కొన్ని ట్రేలలో పచ్చసొన కారుతూ ఉండేది.

ఇనప కడ్డీ రెండుసార్లు వేయించారు. రెండూ ఆరు నెలలకే విరిగాయి. వాళ్ళ పేట చుట్టుపక్కల రోడ్లకు ఇనుము ఆగదన్న సంగతి అందరికీ తెలిసిందే. అందుకే అక్కడ లోడు బళ్ళకు వెనక రాడ్డు ఇంటి మనిషితోనే చేయిస్తారు. ఇదేమీ కొత్తగా వచ్చిన పద్ధతి కాదు. రవాణా ఆఫీసులో దీనికి వేరే ఫారం ఉంది. బ్రేకు ఇన్‌స్పెక్టరు బండి కిందికి వంగి చూసి, రాడ్డు పేరు, వయసు, చదువు రాసుకుని ముద్ర వేస్తాడు. డిగ్రీ చదివినవాళ్ళు ఎక్కువ కాలం మన్నుతారని ఒక నమ్మకం ఉంది. హైమవతి బి.ఏ. చదివింది.

ఇంట్లో ఎవరిని బిగించాలన్నది ఇష్టం వచ్చినట్టు తేల్చరు. నిబంధన ప్రకారం పద్దెనిమిదేళ్ళు నిండిన అందరినీ, మగవాళ్ళను కూడా, పరీక్షించాలి. మగవాళ్ళలో ఇంతవరకు ఎవరూ నెగ్గలేదు. కిందటి వారం పరీక్షలో శివన్నారాయణ బొత్తిగా వంగలేదు. పూర్ణ వంగాడు గానీ మళ్ళీ లేవలేదు, అలాగే ఫోన్ చూసుకుంటూ ఉండిపోయాడు. అత్తగారు తులశమ్మ బాగానే మెలిపడింది, కాని ఎటు తిప్పినా చిన్నకొడుకు వైపే తిరిగింది. మిగిలింది హైమవతి. పూర్ణకు ఇంకా పెళ్ళి కుదరలేదు కాబట్టి ఆ ఇంట్లో ఐదో మనిషి లేరు.

మస్తాన్ మేస్త్రీ షెడ్డు బైపాస్ పక్కన ఉంది. ముందు ఆయన బండి కిందికి దూరి కొలతలు తీసుకున్నాడు. చక్రానికి చక్రానికి మధ్య ఎంత, ఇరుసు పైకి లేచినప్పుడు సందు ఎంత మిగులుతుంది, సైలెన్సర్ ఎక్కడ తగులుతుంది, స్టెప్నీ చక్రం ఎంత కిందికి వేలాడుతుంది అన్నీ సుద్దముక్కతో నేల మీద రాశాడు. తర్వాత హైమవతిని గోడకు ఆనించి నిలబెట్టి, భుజం నుంచి భుజానికి, మోచేతి నుంచి మణికట్టుకు టేపు పట్టాడు. మనిషి కొంచెం పొట్టి. రెండు కొసలకు లింకులు కలిపితే సరిపోతుందన్నాడు.

"గట్టిగా ఉండేట్టు చెయ్యి మేస్త్రీ" అన్నాడు శివన్నారాయణ.

"గట్టిగా ఉంటే పనికిరాదయ్యా. మరీ బిరుసయితే మలుపులో లోపలి చక్రం గాల్లోకి లేచిద్ది. వంగాలి, మళ్ళీ లేవాలి. వంగినట్టు ఎవురికీ తెలవగూడదు. అదీ రాడ్డంటే." ఆయన హైమవతి వైపు తిరిగి మెత్తగా అన్నాడు. "పెళ్ళయి ఎన్నేళ్ళమ్మా?"

"పదిహేడు."

"అయితే కొలిమిలో పెట్టే పని తగ్గుద్ది" అని ఆయన కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

హైమవతి పరీక్షకు ఇంకా అరగంట ఉంది. పక్కన జాకీల మీద ఒక టైల్స్ బండి ఎత్తి ఉంది. దాని రాడ్డు రత్నకుమారి. ఆమెను బిగించి ఏడేళ్ళయింది. రబ్బరు బుష్షులు అరిగిపోతే మార్పించడానికి వచ్చారు. బండి కింద నుంచే ఆమె హైమవతిని పలకరించింది.

"గుడ్ల బండోళ్ళ కోడలివి గదూ? టిఫినయిందా?"

"అయిందక్కా. నొప్పిగా ఉంటదా?"

"మొదట మూణ్ణెల్లు ఉంటది. తర్వాత రోడ్డు అలవాటయిద్ది. కుడి చక్రం గుంటలో పడితే దెబ్బ ఎడమ భుజానికి తగులుద్ది. ఎందుకట్టాగో ఇప్పటికీ నాకు తెలవదు."

"ఇల్లు గుర్తొస్తదా?"

"బండి ఆగేది ఇంటి ముందేగా. కుక్కరు కూతలు వినపడతంటయ్. పప్పుకు మూడు చాలు, వాళ్ళు ఐదు రానిస్తన్నారు. చెబుదామంటే లోపలికి వినపడదు." షెడ్డు కుర్రాళ్ళెవరూ దగ్గర్లో లేరని ఆమె చూసుకుని గొంతు తగ్గించింది. "ఒక మాట చెబుతా విను. పరీక్షలో ఎవురో ఒకరి పక్కన మాట్లాడు. ఎవురయినా సరే. ఒక్క మాట చాలు. మెలిక అటే ఉండిపోయిద్ది, ఇంక నిన్ను బిగించరు. నాకా రోజు చెప్పినోళ్ళు లేరు. ఏడేళ్ళ నుంచి ఈ ఒక్కటే అనుకుంటున్నా, ఆ రోజు మా ఆడబిడ్డదే తప్పని అనుంటే ఎట్టా ఉండేదా అని."

హైమవతి తల ఊపింది. ఇది తనకు కష్టం కాదనుకుంది. కాలేజీలో రెండో సంవత్సరం ఉండగా, ఊరికి సినిమా హాలు కావాలా గ్రంథాలయం కావాలా అన్న పోటీలో ఆమె గ్రంథాలయం పక్షాన మాట్లాడింది. ఐదు నిమిషాలు ఇస్తే పన్నెండు నిమిషాలు మాట్లాడింది. రెండుసార్లు గంట కొట్టినా ఆపలేదు. మొదటి బహుమతి ఆమెకే వచ్చింది.

పరీక్షకు అన్నదమ్ములను ఎదురెదురుగా స్టూళ్ళ మీద కూర్చోబెట్టి, మధ్యలో హైమవతిని కూర్చోబెట్టారు. ఆమె నడుముకు ముల్లున్న గడియారం లాంటి యంత్రం కట్టారు. మేస్త్రీ ఒకే ప్రశ్న వేశాడు.

"ఈ బండి కొందామని మొదట అన్నది ఎవురు?"

"నేనే" అన్నాడు శివన్నారాయణ.

"నువ్వా? కిరాణా కొట్టు పెడదామని నువ్వనలా? గుడ్ల బండి మాట నాది" అన్నాడు పూర్ణ.

"నీదా? నీకప్పుడు గేరు మార్చటం వచ్చా?"

"నీకిప్పుడొచ్చా?"

ముల్లు అటూ ఇటూ ఊగింది. ఐదు నిమిషాల తర్వాత మేస్త్రీ చెయ్యెత్తి వాళ్ళను ఆపి హైమవతిని అడిగాడు. "చెప్పమ్మా. ఎవురిది నిజం?"

ఆ మాట మొదట అన్నది హైమవతి. తొమ్మిదేళ్ళ కిందట, ఒక మధ్యాహ్నం ఇద్దరికీ అన్నం వడ్డిస్తూ, కోళ్ళ ఫారాలవాళ్ళు బండ్లు దొరక్క ఇబ్బంది పడుతున్నారట అని అంది. ఆ రోజు ఏం కూర వండిందో కూడా ఆమెకు గుర్తుంది. ఆ సంగతి చెప్పకపోయినా ఫరవాలేదు, ఇద్దరిలో ఒకరి పేరు అంటే చాలు. ఆమె నోరు తెరిచింది.

"ఇద్దరిదీ నిజమేనండి" అంది.

ముల్లు సరిగ్గా నడిమధ్యకు వచ్చి ఆగింది. మేస్త్రీ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఇంత శుభ్రంగా ఆగిన ముల్లును తాను చూడలేదన్నాడు. అన్నదమ్ములు ఒకరి భుజం ఒకరు తట్టుకున్నారు. తన నోటి నుంచి ఆ మాట ఎలా వచ్చిందో హైమవతికి అర్థం కాలేదు. ఆలోచించి అన్నది కాదు. తుమ్ములాగా వచ్చింది.

బిగించేది సోమవారం అన్నారు. అప్పటిదాకా ఎవరి పక్షానా మాట్లాడకుండా చూసుకోమని, మాట్లాడితే ముందు తనకు ఫోన్ చెయ్యమని మేస్త్రీ జాగ్రత్త చెప్పి ఫారం ఇచ్చాడు. ఇంటికి వచ్చే దారిలో హైమవతి ఆ ఫారం మొత్తం చదివింది. మూడో పేజీ అడుగున 'రాడ్డు సమ్మతి' అని ఒక గడి ఉంది. అందులో ఆమె సంతకం లేకపోతే ఫారం చెల్లదు. అన్నదమ్ములు మొదటి పేజీలో తమ సంతకాలు పెట్టి ఊరుకున్నారు కాబట్టి వాళ్ళు ఆ గడి చూడలేదు.

ఆ మధ్యాహ్నం అందరూ భోజనానికి కూర్చున్నారు. దోసకాయ పప్పు, వంకాయ వేపుడు. హైమవతి వడ్డిస్తోంది. రాడ్డు బిగించాక మొదటి లోడు ఏ దారిన తీసుకువెళ్ళాలన్న మాట వచ్చింది. కాలవ గట్టు మీదుగా అని శివన్నారాయణ అన్నాడు. ఆయన స్నేహితుడి టీ కొట్టు ఆ దారిలో ఉంది. బైపాస్ మీదుగా అని పూర్ణ అన్నాడు. గట్టు దారి దగ్గరని ఒకరు, బైపాస్ నున్నగా ఉందని ఇంకొకరు అన్నారు. తులశమ్మ చిన్నకొడుకు కంచంలో నెయ్యి ఇంకొంచెం వేసింది.

హైమవతి వేపుడు గిన్నె కింద పెట్టింది. ఈసారి ఆమె ఆలోచించుకునే మాట్లాడింది.

"బైపాసే మంచిది. మరిది చెప్పిందే సరయింది. గట్టు మీదుగా వెళ్ళొచ్చిన రోజే గుడ్లు పగులుతున్నాయి, అదీ ఎడమ వరసలో. బైపాస్ మీద వెళ్ళొచ్చిన రోజు ఒక్కటి కూడా పగల్లేదు. ట్రేలు కడిగేది నేను. ఎనిమిది నెలల నుంచి చూస్తున్నా."

అంటూ ఉండగానే ఆమెకు ఇంకో సంగతి తట్టింది. ఎనిమిది నెలల కిందటే ఈ మాట చెప్పి ఉంటే రాడ్డు అవసరమే వచ్చేది కాదు. చెప్పవద్దని ఎవరూ అనలేదు. ఆమె ట్రేలు కడిగి, ఎండకు బోర్లించి, లోపలికి వెళ్ళిపోయేది.

శివన్నారాయణ ముఖం ఎర్రబడింది. ఆయన ఏదో అనబోతుంటే పూర్ణ అడ్డుపడ్డాడు.

"వదినా, నువ్వూరుకో. అన్నయ్యకు తెలవని రోడ్డా? గట్టు మీదుగానే పోదాంలే అన్నయ్యా."

"అదే గదరా నేననేది" అన్నాడు శివన్నారాయణ. తమ్ముడు తన మాటకు ఒప్పుకుని చాలా ఏళ్ళయింది. "అయినా, బళ్ళ సంగతి నీకెందుకు హైమా?"

"అదీ మాట" అన్నాడు పూర్ణ.

నిబంధన ఉంది కాబట్టి శివన్నారాయణ ఎడమ చేత్తో మేస్త్రీకి ఫోన్ చేసి, స్పీకరు పెట్టాడు. జరిగింది దాచకుండా చెప్పాడు.

"ఎంతసేపు ఒరిగింది?" మేస్త్రీ అడిగాడు.

"అర నిమిషం ఉంటది."

"ఇప్పుడు మీరిద్దరూ ఒకే మాట మీదున్నారా?"

"ఉన్నాం."

"అట్టయితే చెడిపోలేదయ్యా. పనిచేసింది. రాడ్డు చేసేది అదే" అని ఆయన ఫోన్ పెట్టేశాడు.

తులశమ్మ నిట్టూర్చింది. "నీ చెయ్యి మంచిదమ్మాయ్. ఏం జేసినా ఇల్లు నిలబెడతావు" అంది. ఆ మాట ఆవిడ మనస్ఫూర్తిగానే అంది. అన్నదమ్ములు ఒకరి వైపు వేపుడు గిన్నె ఒకరు జరుపుకున్నారు. ఫారం ఫ్రిజ్ మీద ఉంది. మూడో పేజీలో గడి ఖాళీగా ఉంది. హైమవతి దాని వైపు చూసింది. సంతకం పెట్టనంటే ఏమవుతుందో ఆలోచించింది. పెట్టనన్నా గట్టు మీదుగానే వెళతారు. ఏడడుగుల ఎత్తున ట్రేలు వేసుకుని, ఇద్దరూ ముందు సీట్లో నవ్వుకుంటూ కూర్చుని వెళతారు. కాలవ వైపు మలుపులు మూడున్నాయి. గుడ్లు పోతే పోయాయి. బండి ఎడమకు ఒరిగితే అటు నీళ్ళు.

ఆమె ఫారం తీసి సంతకం పెట్టింది. పెన్ను సరిగా రాయకపోతే విదిలించి మళ్ళీ దిద్దింది. మజ్జిగ గిన్నె తెచ్చి, ముగ్గురికీ పోసింది.

"సోమవారం వద్దు, ఎల్లుండే బిగించమని చెప్పండి" అంది. "సోమవారం దాకా మీరు ఆగరు, గట్టు మీదుగా వెళ్ళేటట్టయితే మొదటి ట్రిప్పుకే నేను కింద ఉండాలి. వారానికి సరిపడా పిండి రుబ్బి పెడతాను. ట్రేలు కడగడానికి మాత్రం ఎవరినైనా చూసుకోండి."