ఉలికి దినాలు

"ఈ భూమ్మీద మారనిది ఏదన్నా ఉంటే నా దగ్గరికి తోలుకోరాండి, మార్చి పంపిస్తా!"

ఈ మాట నాది కాదప్పా. నాకంత ధైర్యం యాడిది? ఇంట్లో టీవీ చానల్ మార్చాలన్నా నా పెండ్లాం ఇంద్రజను అడిగి మార్చేటోణ్ణి. ఈ మాట మా బామ్మర్దిది. పేరు ప్రేమ్ సాగర్. విజిటింగ్ కార్డు మీద ఈ మాటే బంగారు రంగులో అచ్చేసినాడు. దాని కింద 'మార్పు కన్సల్టెంట్, నంద్యాల - ఆళ్లగడ్డ - హైదరాబాద్' అని ఉంటాది. హైదరాబాద్‌లో ఏముందని అడగొద్దండి. ఆడ మా చిన్నత్త కొడుకు రూము ఉంది.

మన వాట్సాప్ గ్రూపులో చానామంది అడుగుతాండారు, మద్దిలేటన్నా, మీ బామ్మర్ది అసలు ఏం పని చేస్తాడు అని. చెప్తా ఇనండి. ఒక కంపెనీ ఉందనుకుందాం. ఆడికి కొత్త మిషన్ వచ్చె. పనోళ్లకు కడుపు మండుతాది. ఆ మంట మీద నీళ్లు చల్లేది మా వాని పని. మంట పెట్టినోన్ని మాత్రం ఒక్క మాట అనడు. మంట మంచిదే, వెలుతురొస్తాది అంటాడు. దీనికి ఫీజు ఉంటాది. మంట పెట్టినోడే ఇస్తాడు.

మావోడు యాడికి పోవాలన్నా నా కారే. డ్రైవరు నేనే. మీటింగులో మొదటి చప్పట్లూ నావే. నేను కొడితే తతిమ్మా వాళ్లు కొడతారు. మొదట్లో సిగ్గయ్యేది. ఇప్పుడు అలవాటై పెండ్లిలో తాళి కట్టేటప్పుడు కూడా మొదట నేనే కొడతాండా.

మావాని దగ్గర ఒక పెద్ద చార్టు ఉంది, చుట్టి సంచిలో పెట్టుకుంటాడు. మార్పు వచ్చినప్పుడు మనిషి ఎక్కే అయిదు మెట్లంట. ఒకటి, కాదనడం. రెండు, కోపం. మూడు, బేరం. నాలుగు, ఏడుపు. అయిదు, ఒప్పుకోవడం. "ఎంత మొండోడైనా నా చేతిలో పడితే అయిదో మెట్టు ఎక్కాల్సిందే బావా!" అంటాడు. నిజమే. నంద్యాలలో ఒక రైస్ మిల్లులో ఆడోళ్లందరినీ ఒక్క పూటలో ఎక్కించినాడు. ఎక్కినాంక దిగేదానికి మెట్లు లేవని వాళ్లకు ఇంటికి పోయినాంక తెలిసింది!

సరే, అసలు సంగతికొస్తా.

ఆళ్లగడ్డ అంటే రాయి. రోడ్డు పక్కన దేవుళ్లంతా వరసగా నిలబడుకోని బస్సు కోసం కాచుకున్నట్టుంటారు. ఆడ శ్రీకాంత్ అని ఒకాయప్పకు శిల్పాల షెడ్డుంది. వాళ్ల నాయన కాలం నుంచి అంతా చేతిపనే. శ్రీకాంత్ కొత్తగా కంప్యూటర్ మిషన్ తెచ్చినాడు. ఫోటో చూపిస్తే చాలు, బొమ్మ చెక్కేస్తాది. తెచ్చిన రోజే చెక్కేటోళ్లంతా పని నిలిపేసి షెడ్డు బయట కూర్చున్యారు. వాళ్లకు మేస్త్రి నారాయణాచారి. ఆ షెడ్డులో ఒక పద్ధతుంది. బొమ్మ ఎవరు చెక్కినా సరే, కండ్లు మాత్రం అన్నింటికన్నా ఆఖర్న, మేస్త్రి చేత్తోనే తెరవాల. ఆచారి నాయన తెరిచినాడు, ఇప్పుడు ఆచారి తెరుస్తాండాడు. మిషన్ వస్తే ఆ చెయ్యి ఏం కావాల? అదీ ఆయప్ప బాధ.

శ్రీకాంత్ మా వానికి ఫోన్ చేసినాడు. మా వాడు బెలూన్లు, చార్టు, నన్ను తీసుకోని పోయినాడు. పోతానే చార్టు తగిలించి అయిదు మెట్లూ చూపించి, చేతికీ మిషన్‌కూ తేడా ల్యాదని చెప్పినాడు.

"అందరూ కండ్లు మూసుకోండి!" అన్యాడు సాగర్. "మీ లోపల ఏం కనబడతాంది?"

"చీకటి సార్," అన్యాడు గఫార్. అబ్దుల్ గఫార్ అని, బొమ్మలకు పాలిష్ పట్టే ఆయప్ప. నోరు కూడా పాలిష్ పట్టినట్టే ఉంటాది.

"ఆ చీకటే మీ భయం!"

"కండ్లు తెరిస్తే పోతాది కద సార్?"

మా వాడు ఇనబడనట్టు పక్కకు జరిగినాడు. నేను చప్పట్లు కొట్టినా. యాడ కొట్టాల్నో నాకెవరూ చెప్పరు, అందాజుగా కొడతా.

నారాయణాచారి లేచి చేతులు కట్టుకోని నిలబడినాడు. "సామీ, ఒక మాట. మిషన్ వచ్చినాంక నా పనేంది?"

"అద్భుతమైన ప్రశ్న! ఆచారికి అందరూ చప్పట్లు!"

కొట్టినాం.

"జవాబు, సామీ?"

"ప్రశ్న అడగగలగడమే జవాబు, ఆచారీ!"

మల్లా కొట్టినాం. ఆచారి తల గోక్కుంటా కూర్చున్యాడు.

ఇంగ ఆఖరి ఘట్టం. మావాడు యాడికి పోయినా చేసేదే. పాతదాన్ని గౌరవంగా సాగనంపడం! గుంత తీసి, పాత పనిముట్లు అందులో పెట్టి పూడ్చి, పైన మొక్క నాటడం. మిగతా ఊర్లలో జనం గడుసోళ్లు. విరిగిన పెన్నో, తాళం లేని తాళంచెవో పడేసి, టిఫిన్ తిని పోతారు. ఆచారికి ఆ తెలివి యాడిది? ఆయప్ప సొంత ఉలి చేతిలో పట్టుకోని వచ్చినాడు. దసరాకు బొట్టు పెట్టి మొక్కే ఉలి. వాళ్ల నాయనది.

"నిజంగానే పూడ్చాల్నా సామీ?"

"నిజంగానే."

"పూడ్చినాంక?"

"మల్లా దాని మొహం చూడకూడదు! తిరిగి చూసినోడు ముందుకు పోలేడు ఆచారీ!"

ఆచారి ఉలిని కండ్లకద్దుకున్యాడు. "సరే సామీ. పెద్దోళ్లు చెప్తాండారు. పూడ్చేదయితే పద్ధతిగా పూడుస్తా."

ఉలికి స్నానం చేయించినాడు. పసుపు పూసినాడు. తెల్లగుడ్డలో చుట్టినాడు. గుంతలో పెట్టి ముమ్మారు మట్టి వేసి, వెనక్కి తిరక్కుండా పోయినాడు. అది చూసి తతిమ్మా చెక్కేటోళ్లు కూడా జేబుల్లో దాచుకున్న మంచి ఉలులు తీసి గుంతలో పెట్టినారు. దాని మీద మావాడు కానుగ మొక్క నాటినాడు. ఫోటో నేనే తీసినా.

అంతటితో అయిపాయ అనుకుంటిమి. మూడోనాడు ఆచారి మొక్క కాడ పాలు పోసినాడంట. పదకొండోనాడు దినాలు పెట్టి అందరికీ భోజనాలు! ముఖ్య అతిథి మా వాడే. వడలు, పాయసం తిని, పోయిన ఉలి గురించి నాలుగు మంచి మాటలు చెప్పినాడు. "ఆళ్లగడ్డలో సంపూర్ణ మార్పు!" అని ఫేస్‌బుక్‌లో పెట్టినాడు. మొదటి లైకు నాది.

శ్రీకాంత్ ఆచారిని ఊరికే పంపలే. ఖాకీ చొక్కా, ఈల ఇచ్చి మిషన్‌కు వాచ్‌మన్‌గా పెట్టినాడు. తతిమ్మా చెక్కేటోళ్లకు రాళ్లు మోసే పనిచ్చినాడు. దేవుళ్లకు కండ్లు తెరిచిన మనిషి, మిషన్ దగ్గరికి కుక్కలు రాకుండా ఈల ఊదుతా నిలబడినాడు. నేను కార్లోంచి చూస్తే ఆయప్ప కుడిచెయ్యి ఊరికే గాల్లో కదులుతాండాది, ఏదో చెక్కుతాన్నట్టు. నేను అద్దం ఎక్కించుకున్నా.

ఇంతలో మా వాడు నంద్యాలలో ఎరువుల అంగడి మీద మేడ బాడుగకు తీసుకోని 'మార్పు నిలయం' అని బోర్డు పెట్టినాడు. ఓపెనింగ్‌కు కార్డులు పంచినాడు. గుమ్మం ముందర ఆయన విగ్రహం అంట!

"బతికుండంగా విగ్రహమేందిరా సాగరూ?" అంటి.

"శిష్యులు ఊరుకోవడంల్యా బావా. ఒకటే బలవంతం."

"ఎవరప్పా ఆ శిష్యులు?"

మా ఇంద్రజ నా వంక ఉరిమి చూసింది. అప్పుడర్థమాయ, ఆ శిష్యుణ్ణి నేనే అని!

"అంతా మారిపోతాది, దేన్నీ పట్టుకోవద్దు అని చెప్తావు కదరా. రాయి బొమ్మ ఎందుకు మరి?"

"నేను చెప్పిన ఆ మాట శాశ్వతంగా ఉండొద్దా బావా?" అన్యాడు. ఈ మాటకు చప్పట్లు కొట్టాల్నా వద్దా అని నేను ఇప్పటికీ ఆలోచన చేస్తాండా.

విగ్రహం శ్రీకాంత్ షెడ్డులోనే. మిషన్ చకచకా చెక్కేసింది. కోటు, టై, ఒక చెయ్యి పైకెత్తి భవిష్యత్తును చూపిస్తాండాది. కండ్లు మాత్రం గుడ్డు మాదిరి నున్నగా ఉన్యాయి. చూసేదానికి పోయినాం. మావాడు విగ్రహం చుట్టూ తిరిగి, శ్రీకాంత్ చెవి కాడ గుసగుసలాడినాడు.

"కండ్లు మాత్రం ఆచారి చేత తెరిపియ్యప్పా."

"ఎందుకన్నా? మిషన్‌కే చెప్తే చెక్కేస్తాది. నేనే ఆపినా. మొన్న బండి ఆత్మకూరు గుడికి మిషన్ కండ్లు పెట్టించి హనుమంతుణ్ణి పంపిస్తే, చేపల అంగట్లో చేప చూసినట్టుండాది అని వాపసు తెచ్చినారు."

"అందుకే కదా చెప్తాండా! మిషన్ చెక్కితే జీవం యాడుంటాది?"

"చేతికీ మిషన్‌కూ తేడా ల్యాదని నువ్వే కదన్నా ఆయప్పకు నచ్చజెప్పింది?"

"అది వాళ్లకు చెప్పేది శ్రీకాంతూ! ఇది నా మొహం!"

గఫార్ పాలిష్ నిలిపేసినాడు.

ఆచారిని పిలిచినారు. మెడలో ఈలతో వచ్చినాడు. "నమస్కారం సామీ."

"ఆచారీ, ఈ బొమ్మకు నువ్వు కండ్లు తెరవాల."

"దేంతో సామీ?"

"దేంతో ఏందీ? ఉలితో!"

"ఉలి చచ్చిపాయ కద సామీ. మీరే వచ్చి వడలు తింటిరి."

మావాడు టై సర్దుకున్యాడు. "చచ్చిపోవడమేందప్పా? ఇనుము చస్తాదా? అట్లాంటిదేం జరగల్యా!" అన్యాడు.

"ఒకటో మెట్టు," అన్యాడు గఫార్, చేతిలో గుడ్డ దులుపుతా.

"నువ్వు గమ్మునుండు గఫార్! బుద్ధుందా మీకు? ఏదో ఆటకు పూడ్చమంటే దినాలు చేస్తారా ఎవరన్నా?"

"రెండో మెట్టు."

"సరే ఆచారీ, ఇను. ఈ ఖాకీ చొక్కా ఇప్పేయ్. మేస్త్రి పని మల్లా ఇప్పిస్తా. శ్రీకాంత్‌తో నేను మాట్లాడతా. ఒక్క నా కండ్లు తెరిచెయ్, చాలు."

"మూడో మెట్టప్పా, బేరం," అని గఫార్ పక్కనున్నోళ్లకు చూపించినాడు, చార్టు కాడ నిలబడి మావాడు చూపించినట్టే.

ఆచారి తల అడ్డంగా ఊపినాడు. మావాడు అట్లా ఇట్లా చూసి, మూలనున్న పార తీసుకోని కానుగ మొక్క కాడికి పరిగెత్తినాడు. నడిమధ్యాన్నం ఎండ! కోటు నా చేతికిచ్చి, టై భుజం మీదికి ఏసుకోని, తాను నాటిన మొక్కను తానే పెరికి, గుంత తోడతాండాడు. ఆచారి మొహం పక్కకు తిప్పుకున్యాడు. "చచ్చినోళ్లను తోడేది చూడకూడదు నాయనా," అని చెక్కేటోళ్లందరినీ పక్కకు తిరగమన్యాడు. వాళ్లు తిరిగినారు. గఫార్ ఒక్కడే తిరగలే.

"ఏం గఫార్ భాయ్, నువ్వు తిరగవా?" అంటి.

"నేను ఉలి పూడ్చలే కదన్నా. నాకు పర్వాల్యా, చూస్తా."

ఉలి దొరికింది. తెల్లగుడ్డ మట్టిరంగు తిరిగి, ఉలి తుప్పు పట్టింది. మావాడు రెండు చేతులా పట్టుకోని ఆచారి ముందర పెట్టినాడు.

"అది నాది కాదు సామీ," అన్యాడు ఆచారి అటు తిరిగే. "దినాలు అయినాంక అది భూమిది. దాన్ని మీరు ముట్టుకుంటిరి, ఇంటికి పోయి తలకు పోసుకోండి."

మావాడు గుంత గట్టు మీద కూలబడి ఏడ్చినాడు. నిజంగా ఏడ్చినాడప్పా. కార్డులు పంచినాడు, ఎమ్మార్వో వస్తానన్యాడు, ఇప్పుడు గుడ్డి బొమ్మను పెట్టుకోవాల్నా!

"నాలుగోది," అన్యాడు గఫార్. "ఇంగొక్కటే."

అప్పుడు శ్రీకాంత్ ముందరికొచ్చినాడు. ఆయప్ప మొహం మావాని మొహం కంటే వాడిపోయింది. షెడ్డులో కండ్లు లేని దేవుళ్లు పదిమందికి పైనే ఉన్యారు. డోన్ నుంచి అమ్మవారి కోసం లారీ వచ్చి నిలబడింది. "ఆచారీ, తప్పైపాయ. దేవుళ్లకన్నా తెరువప్పా. రేపట్నుంచి మేస్త్రిగా రా."

ఆచారి ఖాకీ చొక్కా జేబులో చెయ్యి పెట్టి ఒక ఉలి తీసినాడు. తళతళా మెరుస్తాంది, కొత్తది. "సామి మాట తప్పలే నేను. పాతది పోయింది, కొత్తది కొనుక్కుంటి. కొలిమిలో దీనికి పదును పెట్టించి చానా రోజులాయ. ఎవరూ అడగలే, నేను చెప్పలే."

"అయితే రేపు తొందరగా వచ్చేయ్!"

"పనికి రాను శ్రీకాంతప్పా." ఈల తీసి ఆయప్ప చేతిలో పెట్టినాడు. "పిలిస్తే వస్తా. కండ్లు తెరిచి పోతా. ఈళ్లందరికీ చెక్కే పని మల్లా ఇయ్యి, మిషన్ పక్కన ఈళ్లూ చెక్కుతారు. అట్లయితేనే వస్తా. నేనిప్పుడు కన్సల్టెంటు."

శ్రీకాంత్ లారీ వంక చూసినాడు, ఈల వంక చూసినాడు. "సరేలేప్పా," అన్యాడు. ఒక్క బెలూను లేకుండా, ఒక్క చప్పట్ల మోత లేకుండా అయిదో మెట్టు ఎక్కేసినాడు!

మావాడు కండ్లు తుడుచుకోని లేచినాడు. "అయితే ఫస్టు నాది ఆచారీ!"

ఆచారి విగ్రహం దగ్గరికి పోయినాడు. రాతి నుదురు మీద బొటనవేలితో నిమిరినాడు.

"తెరవను సామీ."

"ఏం?"

"దేవుడంటే రాయి, పాపం, తనంతట తాను తెరుచుకోలేడు. మనిషి కండ్లు మనిషే తెరుచుకోవాల." ఉలి జేబులో పెట్టుకోని అమ్మవారి దగ్గరికి పోయినాడు.

ఓపెనింగ్ బ్రహ్మాండంగా జరిగింది. ముసుగు తీస్తే విగ్రహానికి నల్ల కూలింగ్ గ్లాసులు! నంద్యాల బస్టాండు ముందర మా ఇంద్రజే బేరం చేసి తెచ్చింది. ఎమ్మార్వో సారు, "ఇదేంది సాగర్ గారూ, రాయికి కండ్లద్దాలు?" అని అడిగినాడు.

"భవిష్యత్తు వెలుగు ఎక్కువ సార్, కండ్లు తట్టుకోలేవు!" అన్యాడు మావాడు తడుముకోకుండా.

చప్పట్లు మోగిపాయ. ఆ రోజు మాత్రం మొదటి చప్పట్లు నావి కావు. గ్లాసులు జారకుండా వెనకాల దారం కట్టే పని నాకిచ్చినారు, రెండు చేతులూ ఖాళీ లేవు.

విగ్రహాన్ని లారీలో తెచ్చి నిలబెట్టింది గఫారే. పోయేముందు నా చెవి కాడికొచ్చి అడిగినాడు, "మద్దిలేటన్నా, మీ బామ్మర్ది అయిదో మెట్టు ఎక్కినట్టేనా?"

దారం ముడి బిగించి చెప్తి, "యాడెక్కినాడప్పా? మెట్టు కనబడకుండా అద్దాలు పెట్టుకున్యాడు."