తిట్టే కాటా ప్రోగ్రామ్

ఆ ఉదయం నవీన్ కుమార్ అందరికంటే ముందే మండీకి వచ్చాడు. పని ఒక్కటే: స్నిగ్ధ పరువు తీయాలి. తిరువూరులో అంకారావు గారి మామిడి మండీకి బిల్లుల ప్రోగ్రామ్ మొన్నమొన్నటిదాకా అతనే చూసేవాడు. కొత్తగా చేరిన స్నిగ్ధ దాన్ని మళ్ళీ మొదటినుంచి రాసింది. అప్పటినుంచి యజమాని నోట "స్నిగ్ధమ్మా" తప్ప "నవీనూ" రాలేదు. ఇప్పుడు విజయవాడలో కొత్త కొట్టు తెరుస్తున్నారు. అక్కడి కంప్యూటర్ల పెత్తనం ఇద్దరిలో ఒకరికే. నవీన్ కడుపుమంటకి మజ్జిగ కుండలు చాలడం లేదు.

తూకం గడిలో అంకె కాక ఇంకేం కొట్టినా, "దయచేసి అంకెలు మాత్రమే వేయండి" అంటుంది స్నిగ్ధ ప్రోగ్రామ్. నవీన్ ఆ మర్యాదంతా చెరిపేసి, పెనుగొలనులోని తన మేనమామ నోటి తిట్లు నాలుగైదు ఎక్కించాడు. గుమాస్తా రాయప్ప ఎలాగూ తప్పు కొడతాడు, గోల చేస్తాడు, స్నిగ్ధ ఇంటికి పోతుంది. అదీ లెక్క.

కానీ సీజను తొలి బిల్లు కదా అని అంకారావే కూర్చున్నాడు. తాతలనాటి అలవాటుగా తూకం గడిలో ముందు "శ్రీ" కొట్టాడు.

"కళ్ళు నెత్తిమీదున్నాయా? అంకె వెయ్యరా సన్నాసీ!" అంది తెర.

అంకారావు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ "శ్రీ" కొట్టాడు.

"ఒకసారి చెబితే బుర్రకెక్కదా? అవతల కాయలు కుళ్ళిపోతున్నాయి!"

"అమ్మా! ఇట్రా!" అని కేకేశాడు.

పిచ్చమ్మ వచ్చి, కొడుకు చదివితే విని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అచ్చం మీ నాన్నేరా! పోయిన ఇన్నేళ్ళకి నిన్ను తిట్టడానికి వచ్చాడ్రా!"

అంతే. రాయప్ప కొబ్బరికాయ కొట్టాడు. కాయలు దించుతున్న రైతులు కాళ్ళు కడుక్కుని వరస కట్టారు. నెమలి ఊరి రైతు బసవపున్నయ్య చేతులు జోడించాడు. "నన్నూ ఓ మాట అనిపించు బాబూ, నిరుడు పూత నిలవలేదు." మధ్యాహ్నానికి మానిటర్‌కి బంతిపూల దండ పడింది. బిల్లు మాత్రం ఒక్కటీ పడలేదు.

"స్నిగ్ధమ్మా, మా నాన్నని తీసుకొచ్చావు తల్లీ! విజయవాడ పెత్తనం నీదే!"

"అవి నేను రాయలేదండీ."

"చూశారా, ఎంత వినయమో!"

నవీన్‌కి ఇక ఆగలేదు. "ఆ తిట్లు నావండీ! ప్రతి ముక్కా నాదే!"

అంకారావు నెమ్మదిగా తిరిగాడు. "అంటే పొద్దుట్నుంచీ నన్ను సన్నాసీ అంటోంది నువ్వా?"

పిచ్చమ్మే అడ్డం పడింది. "పోనీలేరా. అట్టాంటి నోరు మళ్ళీ దొరకదు. ఉంచుకో."

పెత్తనం స్నిగ్ధకే దక్కింది. ఆమె చేతికింద తిట్లు రాసే ఉద్యోగం నవీన్‌కి వచ్చింది.

సాయంత్రం అతని తొలి తిట్టును స్నిగ్ధ తిప్పి పంపింది. "ఇంకాస్త ఘాటు కావాలి నవీన్ గారూ, ఇది ఎవరికీ తగలదు."

నవీన్‌కి మనసారా ఒకటి తోచింది గానీ, అదీ ఆమె ఒప్పుకుంటేనే తెరమీదికి ఎక్కుతుంది.